విడుదల తేదీ

ముందు వరసలో మా సీనియర్ లాయరు గారి భార్య కూర్చున్నారు, మేం అమ్మగారంటాం. ఈవేళ నేను ఎత్తుకున్న విషయం మా సీనియర్ గారికి ఇష్టమైనది కాదు. ఆ సంగతి అమ్మగారికి బాగా తెలుసు కనుక ముందే క్షమించమని అడుగుతున్నాను.

ఆయన పేరు నా వెనక బ్యానర్ మీద ఉంది. జూనియర్లం ఎవ్వరమూ ఆయన్ని పేరుతో అనుకోగా నేను వినలేదు. ఇంట్లో అమ్మగారికి తప్ప అందరికీ ఆయన ‘సీనియర్ గారే’. ఆయన టేబుల్ మీద రెండు పుస్తకాలుండేవి. ఒకటి ప్రతి లాయరు దగ్గరా ఉండే వాయిదాల డైరీ. రెండోది కిరాణా కొట్లో వాడే పొడుగాటి అకౌంటు పుస్తకం. అందులో ఎర్ర ఇంకుతో ఒకే ఒక్క సంగతి రాసేవారు. ఓడిపోయిన కేసుల్లో శిక్ష పడిన ప్రతి క్లయింటూ బయటికి రావాల్సిన తేదీ. రిమాండులో గడిపిన రోజులు మినహాయించి, రెమిషన్ ఎంత వస్తుందో అంచనా కట్టి, రోజుతో సహా తేల్చేవారు. ఆ తేదీ నాడు గుమాస్తాగారు తెల్లారేసరికి జైలు గేటు దగ్గర ఉండాలి, చేతిలో బస్సు ఛార్జీతో. గేటు దగ్గర జీపు పెట్టుకుని, లోపల్నించి అడుగు బయటపెట్టిన మనిషిని ఇంకో కేసులో ఎక్కించుకుపోవడం మన పోలీసులకు కొత్త కాదు. గుమాస్తాగారు అక్కడ ఉంటే కనీసం ఎక్కించుకుపోయారన్న కబురైనా ఆఫీసుకి చేరేది.

‘కేసు ఓడిపోయాక లాయరు చేతిలో మిగిలేది తేదీ ఒక్కటేరా’ అనేవారు.

ఎర్ర ఇంకుతో రాసుకోవడానికి తేదీయే లేని చోటు ఒకటుంది. ఈవేళ దాని గురించి మాట్లాడతాను.

నాలుగేళ్ల కిందట మా అబ్బాయి దగ్గరికి మిన్నెసోటా వెళ్లాం. అమెరికా వెళ్లిన తల్లిదండ్రులందరి కథే మాదీ. వారమంతా ఇంట్లో కూర్చోబెట్టి, శనివారం కారెక్కించి ఏదో ఒక సరస్సు చూపిస్తారు. ఆ శనివారం డులూత్ వెళ్లి లేక్ సుపీరియర్ చూడాలని బయల్దేరాం. మినియాపొలిస్ నుంచి ఉత్తరంగా 35వ నంబరు హైవే మీద పోతుంటే మూస్ లేక్ అనే చిన్న ఊరు తగులుతుంది. అగేట్ రాళ్లకు పేరున్న ఊరు. ఏటా జూలైలో నడివీధిలో కంకరతో పాటు అగేట్ రాళ్లు, పావు డాలరు బిళ్లలు కుమ్మరించి జనాన్ని ఒక్కసారిగా వదులుతారు. పిల్లా పెద్దా మోకాళ్ల మీద పడి ఏరుకుంటారు. మేం కాఫీ తాగిన చోట గోడ మీద ఆ ఫొటో ఉంది. ఇంత ముద్దొచ్చే ఊరు చివర ఇనప ముళ్లకంచె ఎందుకుందో మా ఆవిడకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. లాయర్లకి ముళ్లకంచె ఎక్కడ చూసినా పుట్టింటికి వచ్చినట్టుంటుంది.

అక్కడ పక్కపక్కన రెండు ఆవరణలున్నాయి. ఒకటి రాష్ట్ర జైలు. అది దశాబ్దాల పాటు మానసిక రోగుల ఆస్పత్రి. 1990ల నడుమ ఆస్పత్రి మూసేసి జైలు చేశారు. రెండోది అదే రోజుల్లో కొత్తగా కట్టింది. దానికీ కంచె ఉంది, కెమెరాలున్నాయి, తాళాలున్నాయి. కానీ అది జైలు కాదట. మిన్నెసోటా సెక్స్ అఫెండర్ ప్రోగ్రామ్ అని పేరు. జైళ్ల శాఖ కాదు, సంక్షేమ శాఖ కట్టించింది. లోపలున్నవాళ్లు ఖైదీలు కారు, ‘క్లయింట్లు’. మన వృత్తిలో క్లయింటంటే ఫీజిచ్చేవాడు, నచ్చకపోతే ఫైలు పట్టుకుని ఇంకో లాయరు దగ్గరికి పోయేవాడు. ఈ క్లయింట్లు ఎక్కడికీ పోలేరు.

సంగతేమిటంటే, లోపలున్నవాళ్లలో ఎక్కువమంది లైంగిక నేరానికి కోర్టు వేసిన శిక్షను జైల్లో పూర్తిగా అనుభవించినవాళ్లు. విడుదల దగ్గర పడగానే ప్రభుత్వం మరో కోర్టులో ఇంకో పిటిషన్ వేస్తుంది. ఇతనికి మానసిక వికారం ఉంది, బయటికి వదిలితే మళ్లీ చేస్తాడు, చికిత్స కోసం ఉంచాలి అని. కోర్టు ఒప్పుకుంటే జైలు నుంచి తిన్నగా ఇక్కడికి తెస్తారు. నయమైందని తేలేదాకా ఉంచుతారు. నయం కావడానికి గడువంటూ ఉండదు. దీన్ని సివిల్ కమిట్‌మెంట్ అంటారు.

సివిల్! ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. మన జిల్లా కోర్టులో సివిల్ అంటే గట్టు తగాదా, పార్టిషన్ దావా, తాత వేస్తే మనవడు తీర్పు వినే వ్యవహారం. అమెరికా రాజ్యాంగంలో ఆ మాటకున్న బలం వేరు. ఒకే నేరానికి రెండుసార్లు శిక్షించకూడదన్నది అక్కడా ఉంది, మన 20వ అధికరణంలోనూ ఉంది. చట్టం రాకముందు చేసిన పనికి ఆ చట్టం కింద కొత్త శిక్ష వెయ్యకూడదన్నదీ ఉంది. కానీ ఈ రెండు రక్షణలూ క్రిమినల్ శిక్షకు సంబంధించినవి. నిర్బంధానికి ‘సివిల్’ అని పేరు పెడితే రెండూ వర్తించవు. గోడ అదే, సున్నం వేరు.

దీని తొలి రూపాల్లో ఒకటి మిన్నెసోటాలో పుట్టింది. 1939లో ఆ రాష్ట్రం ‘సైకోపతిక్ పర్సనాలిటీ’ చట్టం చేసింది. మరుసటి ఏడే అమెరికా సుప్రీంకోర్టు అది చెల్లుతుందంది. తర్వాత ఇలాంటి చట్టాలు చాలా రాష్ట్రాల్లో వచ్చి మెల్లగా మూలన పడ్డాయి. వాటిని మళ్లీ దుమ్ము దులిపి, కొత్తగా పదును పెట్టింది వాషింగ్టన్ రాష్ట్రం. 1989లో టకోమాలో ఒక చిన్న పిల్లవాడి మీద జరిగిన దాడి వివరాలు ఈ సభలో చెప్పను, చెప్పలేను. చేసినవాడు అంతకుముందే శిక్ష పూర్తి చేసుకుని బయటికొచ్చినవాడు. జైల్లో ఉండగానే, బయటికెళ్లాక పిల్లల్ని ఏం చేస్తాడో ఊహించి రాసుకున్నవాడు. ఆ కాగితాల సంగతి అధికారులకు తెలుసు. మానసిక ఆరోగ్య చట్టం కింద ఆపాలని చూశారు, ఆ చట్టం అందుకు సరిపోలేదు. వదలక తప్పలేదు. ఆ దాడి తర్వాత తల్లులు రోడ్డెక్కారు. 1990లో చట్టం వచ్చింది. ‘సెక్సువల్లీ వయొలెంట్ ప్రెడేటర్’ అనే మాట ఆ చట్టంతోనే స్థిరపడింది. ప్రెడేటర్ అంటే వేటమృగం. మనిషిని చట్టంలో మృగం అని రాసుకున్నాక అతన్ని ద్వీపంలో పెట్టడం వింతేమీ కాదు. నిజంగానే పెట్టారు. ప్యూజెట్ సౌండ్‌లో మెక్‌నీల్ ద్వీపం. ఒకప్పుడు అక్కడ ఫెడరల్ జైలుండేది. వెళ్లాలంటే స్టైలకూమ్ రేవులో లాంచీ ఎక్కాలి. ద్వీపానికి మార్చకముందే, చికిత్స కేంద్రంలో చెప్పుకోదగ్గ చికిత్సే లేదని 1994లో ఫెడరల్ కోర్టు ఉత్తర్వు ఇవ్వాల్సొచ్చింది. ఆ కేసు పదేళ్లకు పైగా నడిచింది.

తర్వాతి మజిలీ కాన్సస్. 1997లో వచ్చిన కాన్సస్ వర్సెస్ హెండ్రిక్స్ తీర్పు చదవకుండా ఈ విషయం మీద ఎవరూ నోరు విప్పకూడదు. నేను మూడుసార్లు చదివాను, మూడుసార్లూ పక్షం మారాను. లెరాయ్ హెండ్రిక్స్ ముసలివాడు. పిల్లల మీద లైంగిక నేరాల చరిత్ర 1950ల నుంచీ ఉంది. జ్యూరీ ముందు తనే ఒప్పుకున్నాడు, మనసు ఒత్తిడిలో పడితే ఆ కోరికను అదుపు చేసుకోలేనని. మళ్లీ చెయ్యవని హామీ ఏమిటంటే, తాను చావడం ఒక్కటే అన్నాడు. ఇలాంటి క్లయింటుని బోనెక్కించిన లాయరుకి ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదు. సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో కాన్సస్ చట్టాన్ని నిలబెట్టింది. జస్టిస్ క్లారెన్స్ థామస్ తీర్పు రాశారు. ఇది ప్రతీకారం కాదు, ఇతరులను భయపెట్టడానికీ కాదు, కనుక శిక్ష కాదన్నారు. చికిత్సకు లొంగని జబ్బయినా సరే, ప్రజల రక్షణ కోసం ఉంచవచ్చన్నారు. జస్టిస్ బ్రెయర్ అసమ్మతి రాశారు. నిజంగా చికిత్సే ఉద్దేశమైతే, శిక్ష అనుభవిస్తున్న అన్నేళ్లూ చికిత్స ఇవ్వకుండా, విడుదల గుమ్మం దాకా వచ్చాక మొదలుపెట్టడమేమిటన్నది ఆయన వాదనకు ఆయువుపట్టు. నాకు ఆయన పక్షమే సరైనదనిపిస్తుంది. అయితే మెజారిటీతో కలిసిన జస్టిస్ కెనెడీ విడిగా రాసిన నాలుగు ముక్కలు ఇంకా ఎక్కువ గుర్తుండిపోయాయి. క్రిమినల్ కేసులో రాజీపడి తక్కువ శిక్షతో సరిపెట్టుకుని, ఆ లోటును సివిల్ నిర్బంధంతో పూడ్చుకుంటే, అది సివిల్ వ్యవస్థ చెయ్యాల్సిన పని కాదని ఆయన హెచ్చరించారు. హెండ్రిక్స్ విషయంలో జరిగిందే అది. 1984లో ప్రాసిక్యూషన్ బేరసారాలతో కేసు తేల్చుకుంది. అతన్ని బతికినన్నాళ్లూ లోపల ఉంచగలిగేంత శిక్ష అడిగే వీలుండీ అడగలేదు.

2002లో అదే కోర్టు, కాన్సస్ వర్సెస్ క్రేన్ కేసులో, తనను తాను అదుపు చేసుకోవడంలో తీవ్రమైన ఇబ్బంది ఉన్నట్టు రుజువు కావాలని ఒక మెలిక పెట్టింది. ఆ తీవ్రతను కొలిచే తక్కెడ ఏ బజార్లో దొరుకుతుందో చెప్పలేదు. ఇప్పటికి 20 రాష్ట్రాలు, డిస్ట్రిక్ట్ ఆఫ్ కొలంబియా, వీటికి తోడు ఫెడరల్ ప్రభుత్వం ఇలాంటి చట్టాలు చేసుకున్నాయి. లోపలున్నవాళ్లు 6 వేల మందికి పైమాటే. ఒక్క కాలిఫోర్నియాలోనే 2005లో కోలింగా అనే చోట 1,500 పడకల ఆస్పత్రి ప్రధానంగా వీళ్ల కోసమే కట్టారు. టెక్సస్‌లో లిటిల్‌ఫీల్డ్ అనే ఊరు అప్పు చేసి కట్టుకున్న జైలు ఖాళీగా పడుంటే, అందులోకి వీళ్లను తెచ్చి నింపారు. అప్పుల ఊరికి ఊపిరాడింది. అంతకు మించి టెక్సస్ గురించి చెప్పేదేమీ లేదు.

మిన్నెసోటాకి వస్తాను. 1994లో అక్కడి సుప్రీంకోర్టు ఒక ఖైదీని పాత చట్టం కింద ఉంచడం కుదరదంది. అతను బయటికి రాకుండా ఆ ఆగస్టులోనే శాసనసభ ప్రత్యేకంగా సమావేశమై కొత్త చట్టం చేసింది. ఒక మనిషి కోసం చేసిన చట్టం అంటారు దాన్ని. 2003 చివర్లో ఒక కాలేజీ అమ్మాయిని ఎత్తుకుపోయి చంపేశారు. పట్టుబడినవాడు అదే ఏడు మిన్నెసోటా జైలు నుంచి శిక్ష పూర్తై విడుదలైనవాడు. అంతే. జైళ్ల శాఖ కేసుల కట్టలు పంపడం మొదలుపెట్టింది, ప్రాసిక్యూటర్లు పిటిషన్ల మీద పిటిషన్లు వేశారు. వందల్లో ఉన్న సంఖ్య 700 దాటింది. జనాభా నిష్పత్తిలో చూస్తే దేశంలో ఇంత మందిని ఇలా ఉంచిన రాష్ట్రం మరొకటి లేదు. ఖర్చు సంగతి 2011లో అక్కడి లెజిస్లేటివ్ ఆడిటర్ లెక్క తేల్చారు. మనిషికి ఏడాదికి లక్షా 20 వేల డాలర్లు, జైల్లో ఉంచడానికయ్యే దానికి కనీసం మూడు రెట్లు.

ఇంత ఖర్చుపెట్టి ఎందరికి నయం చేశారు? 2015 జూన్‌లో ఫెడరల్ జడ్జి డొనొవన్ ఫ్రాంక్ తీర్పిచ్చేనాటికి, ఇరవై ఏళ్లలో, పూర్తిగా విడుదలైనవాళ్లు ఒక్కరూ లేరు. ఒక్కరూ! షరతుల మీద బయటికొచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పక్కనే ఉన్న విస్కాన్సిన్ అదే కాలంలో వందమందికి పైగా పూర్తిగా వదిలింది. నది దాటితే నయమయ్యే జబ్బు ఇవతలి ఒడ్డున మాత్రం నయం కాలేదు. మైనర్లుగా ఉండగా చేసిన నేరాలు తప్ప మరే నేర చరిత్రా లేనివాళ్లు కూడా పదుల సంఖ్యలో లోపలున్నారని ఆ కేసులో బయటపడింది. ఎవరు ఇప్పటికీ ప్రమాదకరమో, ఎవరు కాదో క్రమం తప్పకుండా పరీక్షించే ఏర్పాటే లేదు. చట్టం రాజ్యాంగ విరుద్ధమని జడ్జి తీర్పిచ్చారు. 2017 జనవరిలో ఎనిమిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. చట్టానికి సమంజసమైన ఉద్దేశమొకటి ఉంటే చాలు, అధికారుల తీరు మనస్సాక్షిని దిగ్భ్రాంతికి గురిచేసేంత ఘోరంగా లేదు అని. ఆ ఏడే సుప్రీంకోర్టు వినడానికి నిరాకరించింది. ఇరవై ఏళ్లలో ఒక్కడికీ నయం కాని ఆస్పత్రి దిగ్భ్రాంతి కలిగించకపోతే ఇక కలిగించేదేమిటో నాకు తెలియదు.

విడుదలలు అసలు మొదలే కాలేదనడం సరికాదు. 2013లో ఒకటి రెండు కదలబోతుంటే, ఎన్నికలు ముందుండగా గవర్నర్ ఆపేయమన్నారు. ఆయన డెమోక్రాట్. పదేళ్ల ముందు ఇలాగే ఆపిన గవర్నర్ రిపబ్లికన్. ఈ ఒక్క విషయంలో ఆ రెండు పార్టీలకూ పేచీ లేదు. తొలి పూర్తి విడుదల 2016లో జరిగింది, జడ్జి ఫ్రాంక్ తీర్పు వేడి చల్లారకముందే. తర్వాత తలుపు మునుపటి కన్నా కొంచెం తెరుచుకుంది.

లోపల చికిత్స ఎలా ఉంటుందో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది. మూడు దశలు. మొదటి దశలో నియమాలు పాటించడం నేర్చుకోవాలి. రెండో దశలో జీవితమంతా చేసిన లైంగిక తప్పులు, పట్టుబడనివి కూడా, గుంపులో కూర్చుని చెప్పుకోవాలి. మూడోది బయటి బతుక్కి సిద్ధపడటం. ఏదో నియమం తప్పితే వెనక్కి జారుతారు, పరమపద సోపానపటంలో పాము మింగినట్టు. ఇందులో చిక్కంతా రెండో దశలో ఉంది. చెప్పకపోతే చికిత్సకు సహకరించడం లేదని రాస్తారు. చెబితే, ఆ చెప్పిందంతా ఫైలుకెక్కి, ఇతను మనమనుకున్నదాని కన్నా ప్రమాదకరమని రేపటి రివ్యూలో సాక్ష్యమవుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కొందరు క్లయింట్లకు వాళ్ల వకీళ్లే నోరు మెదపవద్దని సలహా ఇస్తారంటే ఆశ్చర్యమేముంది?

మా సీనియర్ గారికి ఎవిడెన్స్ యాక్టులో అన్నిటికన్నా ప్రీతిపాత్రమైన సెక్షన్ 25. పోలీసు దగ్గర ఒప్పుకున్నది ముద్దాయి మీద రుజువుగా పనికిరాదు. కొత్త సాక్ష్య అధినియంలో అది 23 అయింది. ఆయన ఉంటే ఆ నంబరు మార్పుని జన్మలో ఒప్పుకునేవారు కాదు. పోలీసుని చూసి మనిషి భయంతో చెబుతాడని మన చట్టానికి అనుమానం. డాక్టరుని చూసి మనిషి నమ్మకంతో చెబుతాడు. ఆ నమ్మకమే అతన్ని లోపల ఉంచే సాక్ష్యమైతే, ఆ డాక్టరు ఎవరి డాక్టరు? అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ టాస్క్‌ఫోర్స్ 1999లోనే ఈ చట్టాల మీద ధ్వజమెత్తింది. జబ్బు నిర్వచనం డాక్టర్లు ఇవ్వాలి కానీ, శాసనసభలు తయారుచేసి డాక్టర్ల చేత సంతకం పెట్టించుకోకూడదన్నది వాళ్ల అభ్యంతరం.

ఇక ‘మళ్లీ చేస్తాడు’ అన్న జోస్యం. దానికో స్కోరు కాగితం ఉంది, స్టాటిక్-99. కార్ల్ హాన్సన్, డేవిడ్ థార్న్‌టన్ 1999లో తయారుచేశారు. పది ప్రశ్నలు. విడుదల నాటికి వయసెంత, జీవిత భాగస్వామితో రెండేళ్లయినా కలిసి ఉన్నాడా, ఇంతకుముందు ఎన్నిసార్లు శిక్ష పడింది, బాధితుల్లో మగవాళ్లున్నారా, ముక్కూమొహం తెలియనివాళ్లున్నారా… ఇలా. పాయింట్లు కూడితే ఒక అంకె వస్తుంది. ఆ అంకె అబద్ధం కాదు. కానీ అది ఎల్ఐసీ వాళ్ల లెక్క లాంటిది. యాభై ఏళ్ల మగవాళ్లు వెయ్యిమందిలో ఈ ఏడు ఎందరు పోతారో వాళ్లు చెప్పగలరు. మన సుబ్బారావు పోతాడో లేదో చెప్పలేరు, అందుకే ప్రీమియం కట్టించుకుంటారు. ఇక్కడ సుబ్బారావుని ముందే పాడె ఎక్కిస్తున్నారు.

పైగా జనం నోట్లో నానే అంకె వేరు. చికిత్స పొందని లైంగిక నేరస్థుల్లో 80 శాతం దాకా మళ్లీ నేరం చేస్తారన్న మాట 2002లో సుప్రీంకోర్టు తీర్పులోకే ఎక్కింది. దాని వేరు వెతుక్కుంటూ వెళ్లిన న్యాయ పరిశోధకులకు చివరికి తేలింది 1986లో సైకాలజీ టుడే పత్రికలో ఒక కౌన్సెలర్ రాసిన ఒక్క వాక్యం. దాని వెనక లెక్క లేదు, సర్వే లేదు. అమెరికా న్యాయశాఖ గణాంక విభాగం మాత్రం 1994లో 15 రాష్ట్రాల్లో విడుదలైన 9,691 మందిని మూడేళ్లపాటు వెంటాడి చూసి, కొత్త లైంగిక నేరానికి అరెస్టయినవాళ్లు 5.3 శాతమని 2003లో ప్రకటించింది. దీన్నీ నేను పూర్తిగా నమ్మమనను. ఈ నేరాల్లో పోలీసు స్టేషన్ దాకా వచ్చేవే తక్కువ, మూడేళ్లు చిన్న కాలం. అయినా 5కీ 80కీ మధ్య ఉన్న అగాధాన్ని భయం తప్ప ఇంకేది పూడ్చింది?

ఇప్పుడు సభలో ఎవరో ఒకరు అడగాల్సిన ప్రశ్న. ‘మీ మనవరాలైతే?’ రెండేళ్ల కిందట ఇంకో ఊళ్లో ఇదే విషయం మాట్లాడితే ఒకావిడ లేచి అడిగింది. నేను లాయరు జవాబేదో చెప్పాను. ఆవిడ కూర్చోలేదు. నిలబడే ఉంది. ఈవేళ ఆ జవాబు చెప్పను. నా మనవరాలైతే నేను తేదీలు లెక్కపెట్టను. ఎర్ర ఇంకు పుస్తకాన్ని చించేస్తాను. చట్టాన్ని నా చేతిలో పెట్టకూడదనడానికి అదే కారణం. ఆవిడకి చెప్పాల్సింది ఇంకోటుంది. మన జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో అత్యాచారం కేసుల్లో ఏటా 90 శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లే. బంధువు, పక్కింటివాడు, పనిచ్చేవాడు. అమెరికాలో కూడా పరిస్థితి పెద్ద తేడాగా లేదు. ద్వీపంలో బంధించిన వేటమృగం వైపు వేలు చూపిస్తుంటే మనం ఈ హాల్లో పక్క కుర్చీ వైపు చూడం. మనిషికి లక్షా 20 వేల డాలర్లు కంచె లోపలికే పోతుంటే, నోరు తెరిచి చెప్పుకున్న పిల్లకి కౌన్సెలింగు దొరకడం కోసం మిగిలేదెంత?

శిక్ష చాలదనుకుంటే, శిక్షే పెంచండి. నేరం రుజువైన రోజున, నిండు కోర్టులో, ఇరవై ఏళ్లో ముప్పై ఏళ్లో తేదీతో సహా చెప్పండి. నేను ఆ కోర్టులో ఎదురు వాదిస్తాను, ఓడిపోతే తల వంచుకుని బయటికొస్తాను. శిక్ష పూర్తయ్యాక తాళం మార్చడం మాత్రం న్యాయం పద్ధతి కాదు.

ఇంగ్లండు సంగతి ఒకటుంది. 2012లో మిన్నెసోటా ఒక నిందితుణ్ణి అప్పగించమని అడిగితే లండన్ హైకోర్టు పంపనంది. అతన్ని ఈ సివిల్ కమిట్‌మెంట్‌లో పెట్టబోమని హామీ ఇమ్మంటే అమెరికా ఇవ్వలేదు. జర్మనీకి ఇలాంటిదే 1933లో హిట్లర్ హయాంలో వచ్చిన చట్టం ఉంది, ఇప్పటికీ ఉంది. 2009లో స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టు, 2011లో వాళ్ల రాజ్యాంగ న్యాయస్థానం దాని చెవి మెలేశాయి. శిక్ష కాదంటున్నారు కదా, అయితే ఆ చోటు జైలులా ఉండకూడదు, చికిత్స జైల్లో ఉండగానే మొదలవ్వాలి అన్నాయి. రద్దు చెయ్యలేదు, సున్నం మార్చినవాళ్లని గోడ కూడా మార్చమన్నాయి. అదైనా నయం.

మన సంగతికొస్తే, 2015 డిసెంబరు గుర్తుందా? 2012 ఢిల్లీ సామూహిక అత్యాచారం కేసులో మైనరుగా ఉన్న నిందితుడికి చట్టం ప్రకారం మూడేళ్లు. ఆ నెల 20న విడుదల. దేశమంతా ఆపమంది. ఢిల్లీ మహిళా కమిషన్ రాత్రికి రాత్రి సుప్రీంకోర్టు తలుపు తట్టింది. 21న ఇద్దరు జడ్జీలు చెప్పింది ఒకటే, ఆపడానికి చట్టం లేదు. బాధ మాకూ ఉంది కానీ చట్టం లేదు. ఆ మర్నాడే రాజ్యసభ కొత్త బాల నేరస్థుల బిల్లును ఆమోదించింది, కానీ ఆ కుర్రవాడికి వర్తించేలా దాన్ని వెనక్కి జరపలేదు. అతను వెళ్లిపోయాడు. అమెరికాలో ఇరవై రాష్ట్రాలు చెయ్యలేకపోయిన పని మన దేశం ఆ రెండు రోజుల్లో చేసిందని నాకనిపిస్తుంది. ఆ గర్వం నాలుగేళ్లే నిలిచింది. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి వంతెన దగ్గర ఒక అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపితే మనవాళ్లు పోలీసుల మీద పూలు చల్లారు. అది బూటకపు ఎన్‌కౌంటరని సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో చెప్పింది. పూలు చల్లినవాళ్లెవరూ ఆ నివేదిక చదివినట్టు లేదు.

కంచె మనకూ ఉంది, కాస్త పొట్టిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో వచ్చిన పీడీ యాక్టు, అంటే ప్రివెంటివ్ డిటెన్షన్ చట్టం. సారా కాసేవాళ్లు, బందిపోట్లు, గూండాలు, భూకబ్జాదారులు అని చాంతాడంత పేరు దానికి. 2018లో తెలంగాణ దాన్ని ఇంకా పొడిగించి, కల్తీ ఎరువులు, నకిలీ విత్తనాలు, తెల్లచొక్కా మోసాల మధ్యన ‘లైంగిక నేరగాళ్ల’నీ చేర్చింది. పత్తి విత్తనాల మోసగాడూ, పసిపిల్లని చెరిచినవాడూ ఒకే పేరులో. దీన్ని కూడా శిక్ష కాదంటారు, ముందుజాగ్రత్త అంటారు. పన్నెండు నెలలు మించకూడదు, అదొక్కటే ఊరట. బెయిలొచ్చినవాణ్ణి మళ్లీ లోపలెయ్యడానికి దీన్ని ఎడాపెడా వాడుతున్నారని 2023లో సుప్రీంకోర్టు తెలంగాణను గట్టిగానే మందలించింది. పన్నెండు నెలల్ని ‘నయమయ్యేదాకా’ అని మార్చడానికి ఒక్క సవరణ చాలు. అలాంటి డిమాండు వచ్చిన రోజున ఈ సభలోని వాళ్లం ఎందరం ఎదురు నిలబడతామో నాకు అనుమానమే.

సీనియర్ గారు నిలబడేవారా? నిజం చెప్పాలి. ఆడపిల్లల మీద, పసిపిల్లల మీద అఘాయిత్యం కేసులు ఆయన పట్టేవారు కాదు. హత్య చేసినవాడికి కాఫీ ఇప్పించేవారు కానీ, ఇలాంటివాణ్ణి మెట్లెక్కనిచ్చేవారు కాదు. జూనియర్‌గా ఉండగానే నేను విడిగా అలాంటి వకాల్తా ఒకటి తీసుకున్నాను. తెలిసిన రోజు నుంచి వారం పాటు నాతో మాట్లాడలేదు. కేసు ఓడిపోయాను. ముద్దాయి చేసినవాడే, నాకూ తెలుసు. పదేళ్లు పడింది. ఆ సంగతి మా ఇద్దరి మధ్య మళ్లీ ఎప్పుడూ రాలేదు.

ఆయన పోయాక అమ్మగారు నన్ను పిలిచి ఆ పొడుగాటి పుస్తకం నా చేతిలో పెట్టారు. ఆ యేటి పేజీలు తిరగేస్తే ఒక ఆగస్టు తేదీ దగ్గర, ఎర్ర ఇంకుతో, నా ముద్దాయి పేరుంది. నేను కట్టుకున్న లెక్కకీ ఆయన తేదీకీ నలభై ఒక్క రోజులు తేడా. కాగితాలు తీసి చూస్తే, రిమాండులో రెండో విడత గడిపిన రోజులు నేను మినహాయించడం మర్చిపోయాను. ఆయన మర్చిపోలేదు. జైలుకి అర్జీ పెట్టి తేదీ సరిచేయించాను.

గుమాస్తాగారికి అప్పటికే మోకాళ్ల నొప్పులు. నేనే వెళ్లాను. గేటు దగ్గర జీపేమీ లేదు. ఏడున్నరకి బయటికొచ్చాడు, చేతిలో ప్లాస్టిక్ సంచి. నన్ను గుర్తుపట్టడానికి కాస్త టైం పట్టింది. దణ్ణం పెట్టాడు. నేను తిరిగి పెట్టలేకపోయాను. బస్సు ఛార్జీ ఇచ్చాను. బస్టాండు ఎటని అడిగాడు. ఊరి బయటికి మార్చారని చెప్పి, ఆటో ఎక్కించాను.